ఇంట్లో ఉండే సరుకులతో లోహాలకు పాటినా: తరచుగా అడిగే ప్రశ్నలు

పాటినా అంటే తుప్పేనా?

ఇనుము విషయంలో అవును, తుప్పే. రాగి, ఇత్తడి, కంచుల మీద అయితే చిలుము. లోహం పైపొర గాలితో, తేమతో, ఉప్పుతో, గంధకంతో కలిసి వేరే పదార్థంగా మారినప్పుడు వచ్చే రంగు అది. రంగు డబ్బాలోంచి తీసి పూసేది కాదు, ఆ లోహంలోంచే పుట్టేది. అందుకే ఒకే ద్రావణం రెండు రేకుల మీద ఒకేలా రాదు. ఆరుబయట రాగికి పచ్చదనం రావాలంటే ఏళ్లు పడుతుంది. ఇంట్లో మనం చేసేదల్లా ఆ పనిని గంటల్లోకీ రోజుల్లోకీ కుదించడమే.

ఏ లోహాలకు బాగా పడుతుంది?

అన్నిటికన్నా తేలిక రాగి. ఆకుపచ్చ, నీలం, గోధుమ, నలుపు అన్నీ ఇస్తుంది. కంచు, ఇత్తడి కూడా పలుకుతాయి కానీ నిదానంగా. మామూలు ఇనుము, ఉక్కు తుప్పు రంగులకీ నలుపుకీ బాగుంటాయి. వెండి గంధకానికి నల్లబడుతుంది. జింకు పూసిన రేకు వెనిగర్ తగిలితే మెరుపు పోయి బూడిద రంగుకు దిగుతుంది, అంతకు మించి ఆశించకండి.

అల్యూమినియం, స్టెయిన్‌లెస్ స్టీల్ జోలికి వెళ్లవద్దు. వాటి మీద కంటికి కనిపించని ఆక్సైడ్ పొర ముందే ఉంటుంది. వంటింటి సరుకులు దాన్ని దాటి రంగు తేలేవు.

నా వస్తువు అసలైన రాగో, పైపూతో ఎలా తెలుసుకోవాలి?

ముందు అయస్కాంతం పెట్టి చూడండి. అతుక్కుంటే లోపల ఉన్నది ఇనుము, పైన పలచని పూత. అతుక్కోకపోతే అడుగు భాగంలో, ఎవరికీ కనిపించని చోట సూదితో చిన్న గీత గీయండి. గీత తెల్లగానో బూడిద రంగులోనో కనిపిస్తే లోపల ఉన్నది జింకు మిశ్రమం కావచ్చు. పూత మీద పాటినా పెడితే కొద్ది గంటల్లోనే పూత తినేసి కింది లోహం బయటపడుతుంది.

ఇంకో చిక్కు లాకర్, అంటే మెరుపు పోకుండా పైన పూసే వార్నిష్ లాంటి పూత. దుకాణంలో కొన్న ఇత్తడి, రాగి అలంకరణ వస్తువులకు చాలావాటికి రంగులేని లాకర్ పూసి ఉంటుంది. ఎన్నాళ్లయినా మెరుపు తగ్గని వస్తువును అనుమానించండి. దూదిని అసిటోన్‌లో ముంచి రుద్దితే లాకర్ జిగటగా ఊడి వస్తుంది. అసిటోన్ ఇట్టే అంటుకుంటుంది కాబట్టి దగ్గర్లో పొయ్యి, దీపం ఉండకూడదు.

ముందుగా శుభ్రం చేయడం అంత ముఖ్యమా?

సగం పని అదే. రంగు మచ్చలుగా వచ్చిందంటే పదిసార్లలో తొమ్మిదిసార్లు కారణం ద్రావణం కాదు, జిడ్డు.

గిన్నెలు తోమే సబ్బుతో కడగండి. తర్వాత 220 నుంచి 400 నంబరు గరుకు కాగితంతో ఒకే దిశలో రుద్దండి. అద్దంలా పాలిష్ చేసిన ఉపరితలాన్ని చిలుము పట్టుకోలేదు, పొరలా ఊడిపోతుంది. మళ్లీ సబ్బుతో కడిగి, ధారగా నీళ్లు పోసి చూడండి. నీరు రేకంతా పలచని పొరలా పరుచుకుంటే శుభ్రమైనట్టు. ఎక్కడైనా ముత్యాల్లా విడిపోయి నిలిస్తే అక్కడ ఇంకా జిడ్డుంది. ఆ తర్వాత ఒట్టి చేత్తో ముట్టుకోవద్దు. ఒక్క వేలిముద్ర చాలు, అది చివరిదాకా వేలిముద్రగానే కనిపిస్తుంది.

రాగి రేకును రాత్రంతా వెనిగర్, ఉప్పులో నానబెట్టాను. పచ్చబడకపోగా ఇంకా మెరుస్తోంది. ఎందుకు?

ఎక్కువమంది ఇక్కడే ఆగిపోతారు. ద్రావణంలో మునిగి ఉన్న రాగికి గాలి సరిగా అందదు. అప్పుడు వెనిగర్ చేసేది ఒక్కటే, పైన ఉన్న పాత ఆక్సైడును కరిగించి లోహాన్ని శుభ్రం చేయడం. నానిన రేకును బయటికి తీసినప్పుడు ద్రావణం అంచు తగిలిన గీత దగ్గర చూడండి, సన్నగా ఆకుపచ్చ చార కనిపిస్తుంది. లోహం, తడి, గాలి మూడూ కలిసింది అక్కడే.

పాటినాను పుట్టించేది ఎక్కువ ద్రావణం కాదు. తడవడం, ఆరడం, మళ్లీ తడవడం. కింద చెప్పే పద్ధతులన్నీ దీనికోసమే. పలచని తడిని లోహానికి అంటించి ఉంచి, గాలి ఆడనివ్వాలి. రంగు కూడా తడిగా ఉన్నప్పుడు కాదు, ఆరుతున్నప్పుడు విచ్చుకుంటుంది. తడి రేకును చూసి "ఏమీ రాలేదు" అని కడిగేయడం వల్లే చాలా మంచి పాటినాలు పోతాయి.

రాగికి ఆకుపచ్చ రంగు ఎలా తేవాలి?

రంపపు పొట్టు పద్ధతి అందరికీ కుదురుతుంది. గోరువెచ్చటి తెల్ల వెనిగర్ 250 మి.లీ.లో రెండు టేబుల్ స్పూన్ల ఉప్పు పూర్తిగా కరిగించండి. దాన్ని సుమారు నాలుగు కప్పుల రంపపు పొట్టులో కొద్దికొద్దిగా పోస్తూ కలపండి. పిడికిట్లో పిండితే ముద్దగా నిలవాలి, చుక్క మాత్రం కారకూడదు. చుక్క కారిందంటే తడి ఎక్కువైంది, పొడి పొట్టు ఇంకాస్త కలపండి.

ప్లాస్టిక్ డబ్బాలో ఒక అంగుళం మందాన ఈ పొట్టు పరిచి, రేకు పెట్టి, పైన మళ్లీ వదులుగా కప్పండి. అదిమితే గాలి ఆడదు. మూత కాస్త తెరిచి ఉంచండి. ఒక రోజు తర్వాత అంచు ఎత్తి చూడండి, లేతగా ఉంటే ఇంకో రోజు వదిలేయండి. సాధారణంగా ఒకటి నుంచి మూడు రోజులు. బయటికి తీశాక పొట్టును వెంటనే దులపవద్దు. పూర్తిగా ఆరాక మెత్తటి కుంచెతో తీయండి. పొట్టు రేణువు ఆనిన చోట ముదురుగా, ఆనని చోట లేతగా చిన్న చిన్న చుక్కల అల్లిక వస్తుంది. సన్నపొట్టుకు సన్నటి చుక్కలు, చితుకులకు పెద్ద మచ్చలు.

పొట్టు దొరకకపోతే అదే ద్రావణాన్ని స్ప్రే సీసాతో పలచగా చిమ్మి, ఆరనిచ్చి, రోజుకు మూడు నాలుగుసార్లు మళ్లీ చిమ్మవచ్చు. మంచులా పడాలి. చుక్కలు కలిసి కిందికి జారితే చారలు మిగులుతాయి. సీసాలో ఉప్పు ద్రావణం వదిలేస్తే మూతి మూసుకుపోతుంది, వాడిన వెంటనే నీళ్లతో కొట్టి శుభ్రం చేయండి.

నిమ్మరసం వాడవచ్చా?

వెనిగరే మేలు. నిమ్మరసం రంగు తేవడం కన్నా శుభ్రం చేయడంలో ముందుంటుంది. అందులోని చక్కెర వల్ల పైన జిగట పొర కూడా మిగులుతుంది.

ముదురు నీలం కావాలంటే?

అమ్మోనియా ఆవిరి. గట్టిగా మూత పడే ప్లాస్టిక్ డబ్బా తీసుకుని అడుగున అర అంగుళం లోతు అమ్మోనియా ద్రావణం పోయండి. ఇల్లు తుడవడానికి అమ్మే, సబ్బు గానీ సువాసన గానీ కలపని రకం కావాలి. అద్దాలు తుడిచే ద్రవంలో అమ్మోనియా అంతగా ఉండదు, పని జరగదు. రేకు మీద ఉప్పు నీళ్లు చిమ్మి, కావాలంటే అక్కడక్కడ పొడి ఉప్పు చల్లి, అడుగున ద్రావణం కన్నా ఎత్తుగా ఉండే ఒక గాజు గిన్నె బోర్లించి దాని మీద పెట్టండి. లేదా ప్లాస్టిక్ దారంతో వేలాడదీయండి. ఆవిరి మాత్రమే తగలాలి. రేకు ద్రావణంలో పడితే రాగి కరిగి నీళ్లు ముదురు నీలంగా మారతాయి, రేకు మీద మాత్రం ఏమీ మిగలదు.

రెండు గంటలకే నీలం కనిపించడం మొదలవుతుంది. ఎనిమిది గంటల దగ్గర చిక్కబడుతుంది. కొన్ని రేకులకు రోజంతా పడుతుంది. ఉప్పు గింజ ఉన్న చోటల్లా చిక్కటి నీలపు చుక్క వస్తుంది. తీశాక ఒక రోజు కదపకుండా గాలికి ఆరనివ్వండి.

ఈ పని ఆరుబయటే చేయాలి. మూత తీసేటప్పుడు ముఖం దూరంగా, గాలి మీ వెనక నుంచి వీచేలా నిలబడండి. కళ్లకు రక్షణ అద్దాలు, నైట్రైల్ చేతితొడుగులు తప్పనిసరి.

ఇంకో మాట ఇత్తడి గురించి. వంచిన, సాగగొట్టిన ఇత్తడిలో లోపల బిగువు ఉంటుంది. అమ్మోనియా ఆవిరి తగిలితే అది పగుళ్లుగా బయటపడవచ్చు. కాబట్టి బరువు మోసే కొక్కేలకూ స్క్రూలకూ ఈ పద్ధతి వాడకండి.

గుడ్డుతో నల్లబరచవచ్చు అంటారు, నిజమేనా?

నిజమే, అన్నిటికన్నా సున్నితమైన పద్ధతి కూడా అదే. ఎక్కువసేపు ఉడికిన గుడ్డులో పచ్చసొన చుట్టూ ఆకుపచ్చ-బూడిద రంగు ఉంగరం చూసే ఉంటారు. తెల్లసొన నుంచి విడుదలైన హైడ్రోజన్ సల్ఫైడు పచ్చసొనలోని ఇనుముతో కలవడం వల్ల వచ్చే రంగు అది. ఆ వాయువే రాగిని, వెండిని నల్లబరుస్తుంది.

గుడ్లను పదిహేను నిమిషాలు ఉడికించి, వేడిగా ఉండగానే పెంకుతో సహా నలిపి, జిప్ సంచిలో వేయండి. వస్తువును చిన్న మూతలో పెట్టి అదే సంచిలో ఉంచండి, గుడ్డు నేరుగా తగలకూడదు. తగిలిన చోట మచ్చ పడుతుంది. చిన్న వస్తువుకు ఒకటి రెండు గుడ్లు చాలు. రాగి ఇరవై నిమిషాల్లో బంగారు గోధుమ రంగుకు వస్తుంది, కొన్ని గంటలకు ముదురు గోధుమ దాటి నలుపు వైపు వెళ్తుంది. నచ్చిన రంగు వచ్చిన క్షణమే తీసి కడిగి తుడవండి. సంచిలో నీటి బిందువులు పేరుకుంటే చుక్కలు పడతాయి కాబట్టి మధ్యలో ఒకసారి తుడిచి మళ్లీ పెట్టడం మంచిది. చెక్కడపు పని ఉన్న వస్తువులో ఎత్తైన భాగాలను మెత్తటి గుడ్డతో రుద్దితే అవి మెరుస్తాయి, పల్లాల్లో నలుపు నిలుస్తుంది. చెక్కిన ప్రతి గీతా విడివిడిగా తేలుతుంది.

ఇత్తడి మీద ఈ పద్ధతి పేలవం. ఇనుము మీద అసలు పనికిరాదు.

ఇనుముకు త్వరగా తుప్పు రంగు ఎలా వస్తుంది?

కొత్త ఉక్కు రేకు మీద నల్లటి పొలుసు ఉంటే అది పోవాలి, ఒక రోజు వెనిగర్‌లో నానబెట్టి రుద్దితే పోతుంది. తర్వాత క్రమం ఇది: ఎండలో వేడెక్కిన రేకు మీద ముందు ఒట్టి వెనిగర్ చిమ్మి ఆరనివ్వండి. రెండు మూడుసార్లు ఇలా చేస్తే ఉపరితలం గరుకెక్కుతుంది. ఈలోపు 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ 480 మి.లీ., వెనిగర్ 60 మి.లీ., ఉప్పు ఒకటిన్నర టీ స్పూన్లు కలిపి ఉప్పు కరిగేదాకా కలియబెట్టండి. చిమ్మగానే సన్నగా నురుగు లేస్తుంది. నిమిషాల్లోనే నారింజ రంగు కళ్ల ముందే పాకుతుంది. ఆరాక మళ్లీ చిమ్మండి. నాలుగైదు విడతలకు రంగు నిండుగా, లోతుగా వస్తుంది.

నురుగు రాలేదంటే పెరాక్సైడ్ పాతబడినట్టు. వెలుతురు తగిలితే అది నీళ్లుగా మారిపోతుంది, అందుకే ముదురు రంగు సీసాలో అమ్ముతారు.

ఈ మిశ్రమాన్ని మూత బిగించి దాచవద్దు. పెరాక్సైడ్ విడిపోతూ వాయువు వదులుతుంది, సీసా పగలవచ్చు. పైగా వెనిగర్‌తో కలిసి కళ్లనూ ఊపిరితిత్తులనూ మండించే పెరాసిటిక్ ఆమ్లం కూడా తయారవుతుంది. ఆ పూటకు కావలసినంతే కలుపుకోండి, గాలి ఆడే చోట చిమ్మండి.

అదే తుప్పును నల్లగా మార్చవచ్చా?

రెండు దారులున్నాయి. ఒకటి టీ. 250 మి.లీ. మరిగే నీళ్లలో రెండు టేబుల్ స్పూన్ల టీ ఆకు వేసి ఇరవై నిమిషాలు ఉంచి, వడకట్టి చల్లార్చండి. పాలు, చక్కెర ఉండకూడదు. పలచగా తుప్పు పట్టిన ఇనుము మీద కుంచెతో రాస్తే టీలోని టానిన్ అనే వగరు పదార్థం ఇనుముతో కలిసి ఆరేకొద్దీ నీలి నలుపుగా మారుతుంది. రెండు మూడు పూతలు వేయాలి. తుప్పు లేని మెరిసే ఇనుము మీద ఇది సరిగా పట్టదు.

రెండోది మరిగించడం. సమంగా, సన్నగా తుప్పు పట్టిన వస్తువును శుభ్రమైన నీళ్లలో ఇరవై నిమిషాలు మరిగిస్తే ఎర్ర తుప్పు నల్లటి ఆక్సైడుగా మారుతుంది. పైన మసిలా తేలిన పొడిని అతి సన్నటి స్టీల్ పీచుతో తేలిగ్గా తీసి, మళ్లీ తుప్పు పట్టించి మళ్లీ మరిగించాలి. మూడు నాలుగు విడతలకు ఈ నలుపు గట్టిపడుతుంది. చూడటానికి శ్రమే కానీ మన్నికలో టీ నలుపు దీనికి సాటి రాదు. మరిగించిన గిన్నెను మళ్లీ వంటకు వాడకూడదు.

వేడితో వచ్చే రంగుల సంగతి?

ఉక్కును మెల్లగా వేడి చేస్తే సుమారు 230 డిగ్రీల సెల్సియస్ దగ్గర లేత గడ్డి రంగు, 255 ప్రాంతంలో గోధుమ, 280 దగ్గర ఊదా, 300 దగ్గర నీలం వస్తాయి. అది దాటితే బూడిదే. రాగి మీద నారింజ, గులాబీ, ఊదా వేగంగా మారిపోతాయి. మంటను ఒకచోట నిలపకుండా కదుపుతూ, కావలసిన రంగుకు ఒక్క అడుగు ముందే తీసేయాలి, లోహంలోని వేడి మిగతా పని చేస్తుంది. జింకు పూసినవి, క్రోమ్ పూసినవి, టంకం వేసినవి, లాకర్ పోనివి, గాలి బయటికి పోయే దారి లేని బోలు వస్తువులు ఎప్పుడూ వేడి చేయవద్దు. జింకు పొగ పీలిస్తే జ్వరం పట్టుకుంటుంది.

నా ఇత్తడి గులాబీ రంగులోకి మారింది. ఏమైంది?

ఇత్తడి అంటే రాగి, జింకుల మిశ్రమం. ఆమ్లంలో ఎక్కువసేపు ఉంటే జింకు ముందు కరిగిపోయి పైన రాగి మిగులుతుంది. అప్పటికే రాగిని నానబెట్టిన ద్రావణంలో ఇనుప పట్టకారు పెడితే పట్టకారుకూ దానికి తగిలిన ఇత్తడికీ రాగి పట్టడం ఇంకో రకం. రెండింటికీ మందు ఒకటే. నానబెట్టడం మానేసి చిమ్మే పద్ధతికి రండి, ద్రావణంలో ప్లాస్టిక్ లేదా చెక్క పనిముట్లే వాడండి. గులాబీ పొరను సన్న గరుకు కాగితంతో తీసి మళ్లీ మొదలుపెట్టవచ్చు.

పచ్చరంగు పొడిలా రాలిపోతోంది.

ఉప్పు ఎక్కువై ఉండాలి, లేదా ఒకేసారి మందంగా తడిపి ఉండాలి, లేదా ఎండలో హడావిడిగా ఆరబెట్టి ఉండాలి. మెత్తటి పొడి కుంచెతో రాలేదంతా రాల్చేయండి. కింద సన్నగా అంటుకుని ఉన్న పొరే అసలైనది. దాని మీద సగం ఉప్పుతో కలిపిన ద్రావణాన్ని చాలా పలచగా చిమ్మి నీడలో ఆరబెట్టండి. పలచటి పొరలు ఆరు, మందమైన పొర ఒకటి కన్నా గట్టిగా ఉంటాయి. గాలి మరీ పొడిగా ఉంటే రేకు పక్కన తడిగుడ్డ పెట్టి పైన వదులుగా ప్లాస్టిక్ కప్పితే తేమ నిలుస్తుంది.

ఆకుల అచ్చులు, గీతలు వేయవచ్చా?

వేయవచ్చు. ఉప్పు నీళ్లలో తడిపిన ఆకును రేకు మీద పరిచి అమ్మోనియా డబ్బాలో పెడితే ఈనెలతో సహా అచ్చు పడుతుంది. దారం చుడితే గీతలు వస్తాయి. రంగు పట్టకూడని చోట కరిగించిన మైనం రాసి, పని పూర్తయ్యాక వేడిగాలితో మెత్తబరిచి తీసేయండి.

చివర్లో కడగాలా వద్దా?

గుడ్డు నలుపును, ఇనుము తుప్పును కడగాలి. తుప్పు మీద లీటరు నీళ్లకు ఒక టేబుల్ స్పూన్ వంటసోడా కలిపి పోసి, మంచినీళ్లతో కడిగి, వెంటనే వేడిగాలితో ఆరబెట్టండి.

వెనిగర్‌తో వచ్చిన పచ్చరంగు మాత్రం నీటిలో కొంత కరుగుతుంది. ధార కింద పెడితే సగం పోతుంది. అలాగని ఉప్పు మొత్తం వదిలేస్తే పైపూత కింద తేమ చేరి, నెలల తర్వాత కూడా లేత పచ్చపొడి పొంగుతూనే ఉంటుంది. మధ్యేమార్గం: పూర్తిగా ఆరి గట్టిపడ్డాక పలచగా మంచినీళ్లు చిమ్మి, పేపర్ టవల్‌తో అద్దండి. రుద్దవద్దు.

పైన ఏం పూయాలి?

కనీసం ఒక రోజు, వీలైతే మూడు రోజులు ఆరనివ్వండి. లోపల తడి ఉండగా పూస్తే తెల్లటి మసక, బుడగలు వస్తాయి.

పచ్చ, నీలం పాటినాలకు రంగులేని యాక్రిలిక్ స్ప్రే మంచిది. ముందు దూరం నుంచి రెండు పొడి పొడి పూతలు వేసి, తర్వాతే నిండు పూత వేయండి. ఏ పూతయినా రంగును ముదురు చేస్తుంది. లేత పచ్చ మైనం తగిలితే దాదాపు మాయమైపోతుంది, కాబట్టి ముందు వెనకవైపు చిన్న మూలలో చూసుకోండి. నలుపు, గోధుమ రంగులకు తేనెమైనం లేదా కార్నోబా మైనం (ఒక తాటి జాతి చెట్టు ఆకుల నుంచి తీసేది) చాలా అందంగా కుదురుతుంది. ఆరుబయట ఉంచేదైతే ఏడాదికి ఒకటి రెండుసార్లు మైనం మళ్లీ రాయాలి.

ఇనుముకు అవిసె నూనె వాడేవాళ్లు ఒక్క విషయం మరవకండి. ఆ నూనె తుడిచిన గుడ్డలు ఉండ చుట్టి పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. పరిచి ఆరుబయట ఆరబెట్టండి, లేదా నీళ్లలో ముంచి పెట్టండి.

ఏవి కలపకూడదు?

బ్లీచును దేనితోనూ కలపవద్దు. అమ్మోనియాతో కలిస్తే క్లోరమైన్లు, వెనిగర్‌తో కలిస్తే క్లోరిన్ వస్తాయి, రెండూ విషవాయువులే. ఒక పద్ధతికి వాడిన డబ్బాను కడగకుండా ఇంకో పద్ధతికి వాడకండి.

పాత్రలకు, నగలకు వాడవచ్చా?

తినే, తాగే పాత్రల లోపలికి వద్దు. రాగి చిలుము విషం, పైన లాకర్ ఉన్నా సరే. నగల్లో చర్మానికి తగలని పైభాగానికి వాడవచ్చు. చెవి తీగలకు, ఉంగరం లోపలి వైపుకు వద్దు. పాతకాలపు విలువైన వస్తువులనూ వదిలేయండి, కాలం వాటికి పెట్టిన పాటినాయే వాటి విలువలో భాగం.

నచ్చకపోతే తీసేయవచ్చా?

రాగి, ఇత్తడి మీదిది నిమ్మచెక్కను ఉప్పులో అద్ది రుద్దితే పోతుంది. ఇనుము మీదిది వెనిగర్‌లో నానబెడితే పోతుంది. వెండి నలుపుకు గిన్నెలో అల్యూమినియం ఫాయిల్ పరిచి, వంటసోడా కలిపిన వేడినీళ్లు పోసి, వెండి వస్తువు ఆ ఫాయిల్‌కు తగిలేలా ముంచండి. లాకర్ పూసి ఉంటే ముందు అసిటోన్‌తో అది తీయాలి.

మిగిలిన ద్రావణాన్ని ఏం చేయాలి?

నీలంగానో పచ్చగానో మారిన నీళ్లలో కరిగిన రాగి ఉంది. చేపలకూ నీటి జీవులకూ అది ప్రాణాంతకం, మొక్కలకూ మంచిది కాదు. చెరువులో, మురుగుకాల్వలో, కుండీలో పోయకండి. పిల్లలు, జంతువులు చేరని చోట వెడల్పు ప్లాస్టిక్ పళ్లెంలో ఆవిరి కానిచ్చి, మిగిలిన పొడిని మూసి కట్టి, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే చోట ఇవ్వండి. అమ్మోనియా మిగిలితే మూత బిగించి దాచుకుని మళ్లీ వాడుకోవచ్చు. డబ్బా మీద పేరు, తేదీ రాసి పెట్టండి.